చదివితే అర్థమవుతుంది, మాట్లాడబోతే మాట రాదు: ఇంగ్లీష్ బాగానే వచ్చినవాళ్లకి సమగ్ర మార్గదర్శి

ఇంగ్లీష్ పేపర్ చదివితే అర్థమవుతుంది. ఈమెయిల్ రాయమంటే తప్పుల్లేకుండా రాస్తారు. సబ్‌టైటిల్స్ లేకుండా సినిమా చూసినా చాలావరకు తెలుస్తుంది. కానీ మీటింగ్‌లో ఎవరైనా ఉన్నట్టుండి మీవైపు తిరిగి "మీరేమంటారు?" అని అడిగితే మాత్రం బుర్రలో ఉన్నదానికీ నోట్లోంచి వచ్చేదానికీ పొంతన ఉండదు. ఇది సరిగ్గా అలాంటివాళ్ల కోసం రాస్తున్నాను. ఏబీసీడీల నుంచి మొదలుపెట్టేవాళ్లకి కావాల్సింది వేరు.

మాది తెనాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇంజనీరింగ్, తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం, రోజూ బయటి దేశాలవాళ్లతో కాల్స్. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక రిపోర్ట్‌లో తప్పు బయటపడింది. నాకు రెండు వారాల ముందే అనుమానం వచ్చింది, కానీ ఎవర్నీ అడగలేదు. అప్పుడే ఎందుకు చెప్పలేదని క్లయింట్ వైపు మేనేజర్ మర్యాదగానే అడిగారు. నా మనసులో ఉన్న జవాబు "అడగడానికి మొహమాటపడ్డానండి" అని. నోట్లోంచి వచ్చింది "ఐ ఫెల్ట్ షై" అని. ఆయన "షై?" అని ఆగిపోయారు. కొత్తవాళ్లు ఇంటికొస్తే అమ్మ కొంగు చాటున దాక్కునే పిల్లాడికి వాడే మాట అది. ఆ రోజంతా అది నన్ను వదల్లేదు. రాత్రి కూర్చుని వెతగ్గా వెతగ్గా దొరికిన వాక్యం: "ఐ డిడంట్ వాంట్ టు బాదర్ యూ." అందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు, అన్నీ హైస్కూల్లో నేర్చుకున్నవే.

ఈ స్థాయికి వచ్చాక మనకున్న ఇబ్బంది ఇదే. తెలిసిన మాటలే అవసరమైన క్షణంలో నోటికి అందవు. అందుకని కష్టమైన పదాల జాబితా కొనుక్కుని రోజుకి ఇరవై చొప్పున బట్టీ పట్టడం మొదలుపెట్టకండి, నేను ఏడాది అలా చేశాను, చదవడం కాస్త బాగుపడింది గానీ మాట తీరు అంగుళం కూడా కదల్లేదు. న్యూజిలాండ్‌కి చెందిన పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు 2006లో వేసిన లెక్క ప్రకారం నవలలు, పేపర్లు ఎవరి సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలి, మాట్లాడేది విని అర్థం చేసుకోవడానికి 6,000 నుంచి 7,000 చాలు. పద కుటుంబం అంటే డిసైడ్, డిసిషన్, డిసైసివ్ లాంటివన్నీ కలిపి ఒకటి. ఇక మాట్లాడటానికి అన్ని కూడా అక్కర్లేదు. లాంగ్‌మన్ వాళ్లు 1978లో తెచ్చిన నిఘంటువులో అర్థాలన్నీ దాదాపు 2,000 మాటల్లోనే రాశారు. నిఘంటువే ఆ కొద్ది మాటలతో నడిచిందంటే మన మీటింగ్ నడవదా?

ఇంకో సంగతి. కెనడాలో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలకి పాఠాలన్నీ ఫ్రెంచ్‌లోనే చెప్పే బడుల్ని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు గమనించారు. ఏళ్ల తరబడి ఫ్రెంచ్ విన్న ఆ పిల్లలకి వింటే దాదాపు అంతా అర్థమయ్యేది, మాట్లాడటం, రాయడం దగ్గర మాత్రం వెనకబడేవాళ్లు. వినడం ఒక్కటే సరిపోదు, తాను చెప్పదల్చుకున్నది చెప్పి తీరాల్సిన పరిస్థితి రావాలని ఆమె 1985లో రాశారు. మన ఇంగ్లీష్ మీడియం కాలేజీల కథ కూడా అదే: నాలుగేళ్లు వింటాం, వైవా రోజున మాట్లాడతాం.

మొదటి అడుగు: ఒకే సంగతి రెండు భాషల్లో రికార్డ్ చేయండి

ఫోన్ తీసుకుని మీకు జరిగిన ఒక సంగతి మూడు నిమిషాలు తెలుగులో చెప్పండి. మాట్లాడటానికి సరుకున్నదే ఎంచుకోండి, తుఫానుకి కరెంటు పోయిన రాత్రో, పెళ్లిలో జరిగిన గొడవో, బస్సు మిస్సయిన రోజో. తర్వాత వెంటనే అదే సంగతి ఇంగ్లీష్‌లో చెప్పి రికార్డ్ చేయండి. ఇంగ్లీష్ ఒక్కటే రికార్డ్ చేసుకుంటే తప్పులు మాత్రమే వినిపిస్తాయి, రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఏం జారిపోయిందో వినిపిస్తుంది. తెలుగులో "వాడు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు" అన్నది ఇంగ్లీష్‌లో "హీ వెంట్" అయిపోయి ఉంటుంది. మీ మాటల్లోని రంగు, చమత్కారం, కోపం అన్నీ పోయి చప్పిడి కూర మిగిలి ఉంటుంది.

వింటున్నప్పుడు కాగితం మీద మూడు రాసుకోండి: ఎక్కడ ఆగారు, ఏ మాట పదేపదే వాడారు (నాకైతే బేసికల్లీ, యాక్చువల్లీ, వెరీ నైస్), తెలుగులో చెప్పి ఇంగ్లీష్‌లో వదిలేసింది ఏమిటి. మూడోదే ముఖ్యం. ఈ రికార్డింగ్ తేదీ వేసి దాచండి, తర్వాత పని ఉంది.

రెండో అడుగు: రాని మాటల పుస్తకం

జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. ఎడమ పేజీలో రోజంతా మీరు తెలుగులో అన్నవి, ఇంగ్లీష్‌లో అనబోయి ఆగిపోయినవి రాయండి. మాట ఒక్కటే కాదు, వాక్యం మొత్తం రాయాలి, ఎవరితో అన్నారో కూడా. కుడి పేజీ ఖాళీగా ఉంచి రాత్రికి నింపండి. రోజుకి ఐదు దాటొద్దు. మీ సిలబస్ మీ తెలుగే. మీరు రోజూ తెలుగులో ఏం మాట్లాడతారో రేపు ఇంగ్లీష్‌లోనూ మీకు అవే కావాలి, వేరే ఎవరో తయారుచేసిన జాబితాలో అవి ఉండవు.

నా పుస్తకంలోంచి కొన్ని. "పిల్లాడు వాళ్లమ్మ మీద బెంగ పెట్టుకున్నాడు": హీ ఈజ్ మిస్సింగ్ హిస్ మదర్. మిస్ అనే మాట మనకి బస్సుకీ, తరగతికీ బాగా అలవాటు, బెంగకి వాడొచ్చని తెలిసినా అప్పటికప్పుడు తట్టదు. "అలిగి కూర్చుంది": షీ ఈజ్ సల్కింగ్. "మనసులో పెట్టుకోకు": డోంట్ టేక్ ఇట్ టు హార్ట్. "పోన్లెండి": నెవర్ మైండ్. "పోనీ రేపు కలుద్దామా": హౌ అబౌట్ టుమారో? "ఏంటంటే" అని మనం మాట మొదలుపెట్టే తీరుకి "ద థింగ్ ఈజ్" అతికినట్టు సరిపోతుంది.

"ఇంకా" ఒక్కదానికే నేను పేజీ మొత్తం ఇచ్చాను. ఇంకా రాలేదు అంటే యెట్, ఇంకా ఇక్కడే ఉన్నాడు అంటే స్టిల్, ఇంకా కావాలి అంటే మోర్, ఇంకా ఎవరొస్తారు అంటే ఎల్స్. తెలుగులో ఒకే మాట నాలుగు పనులు చేస్తుంది కాబట్టి మన నోరు తడబడేది ఇక్కడే. "కూడా" కూడా అంతే. "నాక్కూడా తెలుసు" దగ్గర టూ, "నాక్కూడా తెలియదు" దగ్గర మీ నైదర్, "కనీసం ఫోన్ కూడా చేయలేదు" దగ్గర ఈవెన్.

కుడి పేజీ నింపడానికి తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువుతో ఆగకండి, అది మొహమాటానికి ఒక మాట ఇస్తుంది గానీ ఎప్పుడు ఎవరితో ఎలా అనాలో చెప్పదు. నేర్చుకునేవాళ్ల కోసం రాసిన నిఘంటువులు వేరే ఉన్నాయి. వాటిలో ముందు వరసలోది ఏ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీష్ పాఠాలు చెబుతూ తయారుచేసింది. 1942లో టోక్యోలో అచ్చయింది, తర్వాత 1948లో ఆక్స్‌ఫర్డ్ వేసింది, ఇప్పటికీ కొత్త కూర్పులు వస్తున్నాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఆన్‌లైన్‌లో ఉచితమే. అర్థం ఒక్కసారి చూసి, ఉదాహరణ వాక్యాలు మాత్రం అన్నీ చదవండి. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌లు కూడా ఉన్నాయి కదా, వాటిని "దీనికి ఇంగ్లీష్ ఏమిటి" అని అడక్కండి, "ఆఫీసులో నాకంటే పైవాళ్లతో ఈ సందర్భంలో మూడు రకాలుగా ఎలా అంటారు, మూడింటికీ తేడా ఏమిటి" అని అడగండి, వచ్చినదాన్ని నిఘంటువులో ఒకసారి సరిచూసుకుని రాయండి.

మూడో అడుగు: మాటని ఒంటరిగా పట్టుకోకండి

తెలుగులో అబద్ధం ఆడతాం, నిజం మాత్రం ఆడం, చెబుతాం. ఒట్టు పెడతాం, ప్రమాణం చేస్తాం. అన్నం వండుతాం, టీ పెడతాం. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేం, అలా అంటాం అంతే. తెలుగు నేర్చుకుంటున్న ఎవరైనా "టీ వండాను" అంటే అర్థమవుతుంది, కానీ చెవికి తగులుతుంది. ఇంగ్లీష్‌లో మనం చేసే తప్పుల్లో సగం ఇలాంటివే, వ్యాకరణం బాగానే ఉంటుంది, జత కుదరదు. ఇలా మాటలు జంటగా నడవడానికి కొలొకేషన్ అని పేరు, 1950ల్లో జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త దీన్ని ప్రచారంలోకి తెచ్చారు.

కాబట్టి డెడ్‌లైన్ అనే మాట మీకు తెలుసు అనుకుంటే, దానితో ఏమేం వస్తాయో చెప్పగలరా చూడండి. మీట్ ఎ డెడ్‌లైన్, మిస్ ఎ డెడ్‌లైన్, ఎక్స్‌టెండ్ ద డెడ్‌లైన్, ఎ టైట్ డెడ్‌లైన్. ఈ నాలుగూ ఆగకుండా వస్తేనే ఆ మాట మీదైనట్టు. అలాగే డెసిషన్‌కి మేక్, కన్‌క్లూజన్‌కి డ్రా, కన్సర్న్‌కి రెయిజ్. వర్షం హెవీ, టీ స్ట్రాంగ్. పుస్తకంలో కొత్త మాట రాసిన ప్రతిసారీ దాని జతగాళ్లు కనీసం ఇద్దరిని పక్కన రాయండి.

క్రియ వెనక అప్, ఔట్ లాంటి చిన్న ముక్క చేరే ఫ్రేజల్ వర్బ్స్ అంటే మనకి భయం, కానీ మన భాషలో అలాంటి పని మనం చేస్తూనే ఉన్నాం. తిన్నాడు వేరు, తినేశాడు వేరు. చేయి వేరు, చేసిపెట్టు వేరు, చేసుకో వేరు. వెనక చేరిన చిన్న ముక్క అర్థాన్ని తిప్పేస్తుంది. ఈట్‌కీ ఈట్ అప్‌కీ మధ్య తేడా దాదాపు తిన్నాడు, తినేశాడు మధ్య ఉన్న తేడానే. ఇలా చెవితో పట్టుకుంటే జాబితాలు బట్టీ పట్టక్కర్లేదు.

మరి డిస్కస్ అబౌట్, రిటర్న్ బ్యాక్ లాంటివి? అవి వదిలించుకోవాలి, డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదు. ప్రీపోన్ సంగతి వేరు, అది మన దేశపు ఇంగ్లీష్, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది, దాన్ని తప్పు అనడం నాకు ఇష్టం లేదు. అయితే వినేది ఎవరో చూసుకోవాలి. "ఐ హ్యావ్ ఎ డౌట్" అని మనవాళ్లతో అంటే ప్రశ్న ఉందని అర్థం, అమెరికా వాళ్లతో అంటే మీ మాట నేను నమ్మడం లేదన్నట్టు వినిపించొచ్చు. అక్కడ "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అంటే సరిపోతుంది.

నాలుగో అడుగు: మర్చిపోకముందే మళ్లీ

దీని గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తాను ప్రయోగం చేసుకుని చూపించారు. రేపు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి, నెలకి, ఇలా దూరం పెంచుకుంటూ తిరగేస్తే నిలుస్తుంది. యాంకి అనే యాప్ ఆ లెక్కంతా తనే చూసుకుంటుంది. కార్డ్ మాత్రం ఇలా చేయండి: ముందువైపు తెలుగులో సందర్భం ("సాయం అడగడానికి మొహమాటపడ్డాను, మేనేజర్‌తో"), వెనక ఇంగ్లీష్ వాక్యం. కార్డ్ తిప్పేముందు పైకి, నోరు విప్పి చెప్పాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. రోజుకి పది నిమిషాలు.

ఐదో అడుగు: వాక్యాన్ని అటువైపు నుంచి మొదలుపెట్టడం

నాకు బాగా ఉపయోగపడింది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూడండి. మనం తెలుగులో అంటాం: "నిన్న / మీరు పంపిన / ఫైల్‌లో ఉన్న / మూడో షీట్‌లో / తప్పుంది." ఇంగ్లీష్‌లో ఇదే: "దేర్ ఈజ్ ఎ మిస్టేక్ / ఇన్ ద థర్డ్ షీట్ / ఆఫ్ ద ఫైల్ / యూ సెంట్ / ఎస్టర్‌డే." గీతల మధ్య ముక్కల్ని చూడండి. మన వాక్యంలో ఆఖరిది అక్కడ మొదటిది, మన మొదటిది అక్కడ ఆఖరిది, అద్దంలో చూసినట్టు మొత్తం తిరగబడింది. తెలుగులో అనుకుని ఇంగ్లీష్‌లోకి మార్చేవాళ్లు వాక్యం మొత్తం బుర్రలో మోసుకుంటూ చివరిదాకా వెళ్లి, అక్కణ్నుంచి వెనక్కి నడవాలి. తడబాటు అంతా ఆ నడకలోనే ఉంది.

దీనికి సాధన ఒకటే. అసలు విషయం ముందు చెప్పేయండి, వివరాలు తర్వాత ఒక్కొక్కటే తగిలించండి. తప్పుంది. ఎక్కడ? షీట్‌లో. ఏ ఫైల్‌ది? మీరు పంపినది. ఎప్పుడు? నిన్న. ఇలా మిమ్మల్ని మీరే ప్రశ్నలు వేసుకుంటూ పోతే ఇంగ్లీష్ వాక్యం దానంతట అదే వస్తుంది. రోజూ పేపర్‌లోనో వాట్సాప్‌లోనో కనిపించిన పొడుగాటి తెలుగు వాక్యాలు ఐదు తీసుకుని ఇలా తిరగేయండి. "వచ్చిన అబ్బాయి", "కొన్న ఇల్లు", "చెప్పిన మాట" లాంటివి ఉన్న వాక్యాలైతే మరీ మంచిది, మనకి విశేషణం ముందు ఉంటుంది, వాళ్లకి హూ, విచ్, దట్‌తో వెనక వస్తుంది. నాకు ఇది అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది, ఆ తర్వాత ఊపిరి పీల్చుకోవడానికి కూడా తీరిక దొరికింది.

ఆరో అడుగు: "అండి" ఎక్కడ పెట్టాలి

తెలుగులో మర్యాద క్రియకి అంటుకునే ఉంటుంది. పంపు, పంపండి, అంతే, రెండక్షరాలతో పనైపోతుంది. "ఆ ఫైల్ కొంచెం పంపండి" అన్నదాన్ని ఇంగ్లీష్‌లోకి తెస్తే "సెండ్ మీ ద ఫైల్" అవుతుంది, అండి ఎక్కడో దారిలో పడిపోయింది. మనం ఎంతో వినయంగా అన్నామనుకుంటాం, అవతలివాళ్లకి ఆజ్ఞలా వినిపిస్తుంది. చివర ప్లీజ్ తగిలించినా అంతగా మెత్తబడదు. మనవాళ్లు ఇంత మంచివాళ్లయి ఉండి కటువుగా మాట్లాడతారని పేరు తెచ్చుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

తెలుగులో గౌరవం కోసం ఒక్క మనిషినే బహువచనం చేస్తాం, నువ్వు కాస్తా మీరు అవుతుంది. ఇంగ్లీష్‌లో ఆ పని కాలాన్ని వెనక్కి జరిపి చేస్తారు. కెన్ కంటే కుడ్ మెత్తన, విల్ కంటే వుడ్ మెత్తన, "ఐ వాంట్" కంటే "ఐ వాంటెడ్ టు ఆస్క్" మెత్తన. అన్నిటికంటే మెత్తనిది "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్". అడుగుతున్నది ఇప్పుడే, కాలం మాత్రం వెనకది. పక్క సీటు స్నేహితుడితో "కెన్ యూ సెండ్ మీ దట్" చాలు, ఎప్పుడూ మాట్లాడని పెద్ద మేనేజర్‌తో "వుడ్ యూ మైండ్ సెండింగ్ మీ దట్" అనాలి. దీనికి జవాబుగా సరే అనాలంటే "నాట్ ఎట్ ఆల్" అనాలని గుర్తుంచుకోండి, ఎస్ అంటే అభ్యంతరం ఉందని అర్థం వస్తుంది.

కాదనడం కూడా నేర్చుకోవాలి. మనం "చూద్దాం లెండి" అంటే కాదనే అని మనకి తెలుసు, "వీ విల్ సీ" అంటే వాళ్లు నిజంగానే ఎదురుచూస్తారు. "ఐ యామ్ అఫ్రెయిడ్ వీ కాంట్ డూ దట్ బై ఫ్రైడే, బట్ వీ కుడ్ డూ ఇట్ బై ట్యూస్‌డే" అని కాదన్నదీ, చేయగలిగిందీ ఒకే ఊపిరిలో చెప్పేయాలి. అమెరికా, బ్రిటన్ వాళ్లతో పనిచేస్తుంటే వయసులో పెద్దవాళ్లని కూడా పేరు పెట్టి పిలవాల్సి వస్తుంది, మొదట్లో నోరు రాదు. వాళ్లే పేరుతో పిలవమన్నాక సర్ అంటూ ఉంటే మనం దూరం పెడుతున్నామనుకుంటారు, కాబట్టి పిలిచేయండి.

ఏడో అడుగు: ఊకొట్టడం, కొక్కెం వేయడం

చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టకపోతే కథ ఆగిపోయేది, గుర్తుందా? ఇంగ్లీష్ సంభాషణలోనూ ఊ కొట్టాలి. మనం ఇంగ్లీష్ అనగానే పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోయి, తర్వాత ఏం చెప్పాలా అనే టెన్షన్‌లో అవతలివాళ్ల మాట సగమే వింటాం. రైట్. ఐ సీ. రియల్లీ? ఓ నో. దట్ మస్ట్ హ్యావ్ బీన్ హార్డ్. ఈ ఐదూ సరైన చోట పడితే మీరు పెద్దగా మాట్లాడకపోయినా సంభాషణ బాగా జరిగిందనిపిస్తుంది.

రెండోది, జవాబు ఒక్క ముక్కలో మూసేయకండి, అవతలివాళ్లు పట్టుకోవడానికి ఒక కొక్కెం వదలండి. ఏ ఊరు అంటే నేను ఇదివరకు "తెనాలి, నియర్ విజయవాడ" అని ఆగిపోయేవాణ్ని, అక్కడితో మాటలు అయిపోయేవి. ఇప్పుడు "పీపుల్ కాల్ ఇట్ ద ప్యారిస్ ఆఫ్ ఆంధ్రా, బికాజ్ త్రీ కెనాల్స్ రన్ త్రూ ఇట్" అంటాను. వెంటనే ప్రశ్నలు వస్తాయి, కాలువల గురించో, ప్యారిస్ గురించో. మీ ఊరికి, మీ ఉద్యోగానికి, మీ వారాంతానికి ఒక్కొక్క కొక్కెం ముందే తయారు చేసి పెట్టుకోండి. ఈ మూడూ ప్రతి పరిచయంలోనూ అడుగుతారు.

మూడోది, పలకరింపుల్ని మక్కీకి మక్కీ దించొద్దు. "భోంచేశారా?" మనకి క్షేమ సమాచారం, వాళ్లకి "హ్యావ్ యూ హ్యాడ్ లంచ్?" అంటే కలిసి తిందాం రమ్మని పిలిచినట్టు అనిపించొచ్చు. "ఇంకేంటి విశేషాలు" అన్నదానికి "సో, వాట్స్ న్యూ విత్ యూ?" బాగుంటుంది.

ఇక మాట గుర్తు రానప్పుడు. ఆగిపోయి సారీ చెప్పకండి, మాట చుట్టూ తిరిగి రండి. దీనికి మన వంటిల్లు, మన పండగలు మంచి బడి. పూతరేకులంటే ఏమిటో, గొబ్బెమ్మలంటే ఏమిటో, తెలియని మనిషికి చెబుతున్నట్టు చెప్పండి. పూతరేకులకైతే ఇలా: "ఇట్స్ ఎ స్వీట్ ఫ్రమ్ ఆత్రేయపురం. దే మేక్ రైస్ షీట్స్ యాజ్ థిన్ యాజ్ పేపర్, పుట్ షుగర్ అండ్ ఘీ ఇన్‌సైడ్, అండ్ ఫోల్డ్ దెమ్." ఒక్క కష్టమైన మాట లేదు చూడండి. కైండ్ ఆఫ్, యూజ్డ్ ఫర్, లుక్స్ లైక్, మేడ్ ఆఫ్, ఈ నాలుగూ చేతిలో ఉంటే ఏ వస్తువునైనా చెప్పేయొచ్చు. అవతలివాళ్లది అర్థం కానప్పుడు ఊరికే వాట్ అనకుండా, అర్థమైనంత వరకు చెప్పి మిగతాది అడగండి: "యూ సెడ్ ద టెస్ట్ ఫెయిల్డ్, ఐ డిడంట్ క్యాచ్ వై." మీరు విన్నారన్న సంగతి వాళ్లకి తెలుస్తుంది, మళ్లీ చెప్పడానికి విసుక్కోరు.

ఎనిమిదో అడుగు: యాస కాదు, నొక్కు

యాస మార్చుకోనక్కర్లేదు. తెలుగువాళ్లలా వినిపిస్తే తప్పేం లేదు. కానీ నొక్కు తప్పితే మాటే అర్థం కాదు. ఫోటోగ్రాఫ్‌లో నొక్కు మొదటి ఫో మీద, ఫొటాగ్రఫీలో రెండోదైన టా మీద, ఫోటోగ్రాఫిక్‌లో గ్రా మీద. మనకి గురువు, లఘువు తెలుసు, అక్షరం పొడుగు తెలుసు, ఈ నొక్కు మాత్రం కొత్త, అందుకే అన్ని అక్షరాల్నీ సమానంగా పలుకుతాం. డెవలప్‌లో డె మీద నొక్కేస్తాం, అది వె మీద ఉండాలి. కొత్త మాట రాసుకున్నప్పుడు నిఘంటువులో స్పీకర్ బొమ్మ నొక్కి విని, నొక్కు ఉన్న అక్షరం కింద గీత గీయండి.

ఇంకో రెండు చిన్నవి. ఎగ్‌ని యెగ్ అనీ, ఓన్లీని వోన్లీ అనీ అనేస్తాం, ఎవరుని యెవరు అన్నట్టే. దిక్కుని చెప్పే వెస్ట్, బనియన్‌ని చెప్పే వెస్ట్, మన లిపిలో రెండూ ఒకటే. మొదటిదానికి పెదవులు ఈల వేయబోయినట్టు గుండ్రంగా పెట్టాలి, రెండోదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి. అద్దం ముందు వారం రోజులు చేస్తే వచ్చేస్తుంది.

దీనికి మంచి సాధన నీడలా వెంటపడటం. బీబీసీ వాళ్ల సిక్స్ మినిట్ ఇంగ్లీష్ లాంటి ఆడియోలో ముప్పై సెకన్లు తీసుకుని, వాళ్లు మాట్లాడుతుండగానే అర క్షణం వెనక మీరూ అనండి. అదే ముక్క పది సార్లు. మెట్రోలో చేయలేరు గానీ బండి మీదో, వాకింగ్‌లోనో చేయొచ్చు.

తొమ్మిదో అడుగు: నాలుగు, మూడు, రెండు

ఒక విషయం తీసుకుని నాలుగు నిమిషాలు మాట్లాడండి. వెంటనే అదే విషయం మూడు నిమిషాల్లో. మళ్లీ రెండు నిమిషాల్లో. కీత్ మారిస్ అనే ఉపాధ్యాయుడు 1983లో దీని గురించి రాశారు, తర్వాత పాల్ నేషన్ దీన్ని పరిశీలించారు. మూడోసారి వచ్చేసరికి ఏం చెప్పాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు కాబట్టి నోరు దారిలో పడుతుంది. ప్రతిసారీ కొత్త మనిషికి చెబితే మరీ మంచిది, ఎవరూ దొరక్కపోతే ఫోన్‌కే చెప్పండి.

మీలాంటి స్థాయిలోనే ఉన్న ఒక స్నేహితుడితోనో, అక్కతోనో ఒప్పందం చేసుకోండి: వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాల ఫోన్, ఇంగ్లీష్ మాత్రమే. ఒక్క నియమం, మధ్యలో తప్పులు దిద్దకూడదు. రాసి పెట్టుకుని ఆఖరి రెండు నిమిషాల్లో చెప్పాలి, అదీ మూడుకి మించకుండా. మధ్యలో దిద్దుతూ ఉంటే నోరు మూసుకుపోతుంది, ఇది నా కళ్లారా చూశాను. అమీర్‌పేటలో కనిపించే స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులు మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తాయి, మీ స్థాయికి డబ్బు పెట్టాలంటే ఒక మనిషితో ఒక మనిషి మాట్లాడే క్లాసు మీద పెట్టండి, అందులోనూ మీ రాని మాటల పుస్తకం ముందు పెట్టుకుని.

రోజులో ఇవన్నీ ఎక్కడ పడతాయి అంటారా? పొద్దున కార్డులు పది నిమిషాలు, దారిలో నీడ సాధన పది నిమిషాలు, మధ్యాహ్నం భోజనం తర్వాత నాలుగు-మూడు-రెండు, రాత్రి పుస్తకం నింపడం పది నిమిషాలు. నలభై నిమిషాలు. కుదరని రోజు మిగతావి వదిలేయండి, పుస్తకం మాత్రం వదలొద్దు.

మూడు నెలలకి మొదటి రోజు రికార్డ్ చేసిన సంగతే మళ్లీ ఇంగ్లీష్‌లో చెప్పి రికార్డ్ చేయండి, పాతది వినకుండా. తర్వాత మూడూ వరసగా వినండి: తెలుగుది, పాత ఇంగ్లీష్‌ది, కొత్తది. తెలుగులో ఉండి కొత్తదాంట్లో కూడా ఇంకా రాని ముక్కలు కొన్ని మిగులుతాయి. నాకు "మొహం మాడ్చుకుని" మిగిలింది. అవి కొత్త పుస్తకం మొదటి పేజీలో ఎడమవైపు రాసుకోండి.